నూనె లెక్క నాలుకది కాదు

2025 జనవరిలో డెహ్రాడూన్‌లో జరిగిన జాతీయ క్రీడల ప్రారంభ సభలో ప్రధానమంత్రి ఒక పిలుపు ఇచ్చారు: వంటనూనె వాడకం పది శాతం తగ్గించండి. ఫిబ్రవరిలో 'మన్ కీ బాత్'లో అదే చెప్పారు. ఆగస్టు 15న ఎర్రకోట మీద నుంచీ ఊబకాయం గురించి మాట్లాడుతూ అదే చెప్పారు. టీవీ డాక్టర్లు, ఆదివారం అనుబంధాలు, అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులు ఆ మాటను అందుకుని ఇంటింటికీ చేర్చాయి. ఇప్పుడు ఏ ఆరోగ్య శిబిరంలో చూసినా మొదటి సలహా నూనె తగ్గించమనే.

ఆ పిలుపు వెనక ఉన్న ఆందోళనతో నాకు పేచీ లేదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఎత్తుకు తగినదానికన్నా ఎక్కువ బరువున్న మహిళలు దేశం మొత్తం మీద 24 శాతమైతే తెలంగాణలో 30.1 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 36.3 శాతం. మధుమేహం, గుండెజబ్బు లేని కుటుంబం మన మధ్య వెతికితే గానీ దొరకదు. నా పేచీ ఆ పిలుపు చుట్టూ అల్లుకున్న నమ్మకంతో. మనిషి ఎంత కొవ్వు తింటాడన్నది అతని ఇష్టాన్ని బట్టీ అదుపును బట్టీ ఉంటుందని ఆ నమ్మకం. తెలియక తింటున్నారు, తెలిస్తే మానేస్తారు. తెలిసీ తింటే అది నోటి చాపల్యం. మన తెలుగువాళ్ల విషయంలో దీనికి ఇంకో తోక కూడా తగిలిస్తారు: మనది వేపుళ్ల జాతి, ఆవకాయ జాతి, నూనె తేలకపోతే కూర అనుకోమని. ఈ మాట తప్పు. పైగా దీని బరువు మోయవలసింది అందరికన్నా తక్కువ తినే వాళ్లే కాబట్టి అది అన్యాయం కూడా.

మొదట అదుపు సంగతి. కేంద్ర ప్రభుత్వ వినియోగ వ్యయ సర్వేల ప్రకారం 2009–10లో పల్లెల్లో ఒక్కో మనిషికి రోజుకు 43.1 గ్రాముల కొవ్వు అందేది. 2023–24కు అది 60.4 గ్రాములైంది. పద్నాలుగేళ్లలో పదిహేడు గ్రాములు. పట్నాల్లో 53 గ్రాముల నుంచి 69.8కి పెరిగింది. ఎక్కువ తినడం చాపల్యమే అయితే ఈ పద్నాలుగేళ్లలో దేశంలోని పల్లె జనమంతా ఒక్కసారిగా అదుపు కోల్పోయారని ఒప్పుకోవాలి. వరి నాట్లు వేసే మనిషి, మేకలు కాసే మనిషి, ఉపాధి పనికి వెళ్లే మనిషి అందరూ కలిసి ఒకే దశాబ్దంలో నాలుకకు లొంగిపోయారా? మనుషుల స్వభావం అంత వేగంగా మారదు. మారినవి ధరలు, కూలి పద్ధతులు, ఊళ్లో దుకాణానికి వచ్చే సరుకు.

ఇక తెలియకపోవడం సంగతి. చదువు, టీవీ, డాక్టరు, పత్రిక, జిమ్ము, ప్యాకెట్ మీద పోషకాల పట్టిక చదివే అలవాటు ఎక్కువగా ఉన్నది పట్నంలో. కొవ్వు ఎక్కువగా తింటున్నదీ పట్నమే. జ్ఞానం నూనెను తగ్గించేటట్టయితే ఈ అంకెలు తిరగబడి ఉండాలి. ఐరోపాలో, అమెరికాలో బాగా చదువుకున్న వాళ్ల ప్లేటులో సంతృప్త కొవ్వు తక్కువగా కనిపిస్తుంది, అది నిజమే. దాన్ని పట్టుకుని చదువు వస్తే నూనె తగ్గుతుందని మన దగ్గర వాదించేవాళ్లు, అక్కడ చదువుతో పాటు వచ్చే జీతాన్నీ, తాజా కూరగాయల దుకాణాన్నీ, సాయంత్రం ఇంట్లో వండుకునే తీరికనూ లెక్కలోంచి జారవిడుస్తున్నారు. అదే చదువు మన దగ్గర కొవ్వును ఒక దశలో పెంచుతుంది, ఎందుకంటే ఇక్కడ చదువు వెంట వచ్చేది పాలు, నెయ్యి, మాంసం, బయటి తిండి కొనుక్కునే స్తోమత. ఒకే చదువు ఒక దేశంలో కొవ్వును తగ్గిస్తూ మరో దేశంలో పెంచుతోందంటే పని చేస్తున్నది చదువు చెప్పిన పాఠం కాదు.

ఈ వాదానికి నాకు తెలిసినంతలో అన్నిటికన్నా గట్టి సాక్ష్యం మన హైదరాబాద్ కూడా పాలుపంచుకున్న ఒక అధ్యయనంలో ఉంది. 2005–07 మధ్య హైదరాబాద్, బెంగళూరు, నాగపూర్, లక్నో నగరాల్లోని కర్మాగారాల్లో జరిగింది. పల్లెలో పుట్టి పట్నానికి వలస వచ్చిన కార్మికుల్నీ, వాళ్ల జీవిత భాగస్వాముల్నీ తీసుకుని, ఊళ్లోనే ఉండిపోయిన వాళ్ల అన్నదమ్ముల్నీ అక్కచెల్లెళ్లనూ పిలిపించి పక్కపక్కన పెట్టి చూశారు. ఒకే తల్లి చేతి వంట తిని, ఒకే పొయ్యి దగ్గర పెరిగిన వాళ్లు. ఆ అధ్యయనం పెట్టుకున్న కొలత ప్రకారం ఊళ్లో ఉన్న మగవాళ్లలో ఊబకాయం 19 శాతం; వలస వచ్చిన వాళ్లలో 37.8 శాతం, పుట్టుకతోనే పట్నం వాళ్లలో 41.9 శాతం. మధుమేహం ఊళ్లో 6.2 శాతమైతే వలస వచ్చిన వాళ్లలో 14.3. తినే కొవ్వు కూడా ఊరు దాటి వచ్చిన వాళ్లలో పెరిగింది. నాలుక ఒకటే, వంశం ఒకటే, చిన్ననాటి రుచులు ఒకటే. అన్న ఊళ్లో ఉన్నాడు, తమ్ముడు రైలెక్కాడు. ఈ తేడాకు తమ్ముడి బలహీనతను కారణంగా చూపేవాళ్లు ఆ తమ్ముడి రోజు ఎలా గడుస్తుందో ఒకసారి చూడాలి.

మా వీధి చివర కిరాణా కొట్టు దగ్గర సాయంత్రం ఏడింటికి ఆ రోజు కనిపిస్తుంది. పాలమూరు వైపు నుంచి వచ్చి భవన నిర్మాణంలో పని చేసే ఆడవాళ్లు కూలి డబ్బులు కొంగున కట్టుకుని నిలబడతారు. కొనేది పావులీటరు నూనె ప్యాకెట్టు, కిలో బియ్యం, ఉల్లిగడ్డలు, పది రూపాయల పచ్చిమిరపకాయలు. నెల సరుకు ఒకేసారి కొనే స్తోమత ఉంటే లీటరుకు పడే ధరకన్నా వాళ్లు ఎక్కువ ధర పెట్టి కొంటున్నారు. ఒకామెను అడిగాను, కూరలో నూనె ఎక్కువ వేస్తారా అని. "పొద్దుగాల వండింది రాత్రి దాకా ఉండాలె గద సారూ, నూనె పడకుంటే పాడైతది" అంది. ఆమె గుడిసెలో ఫ్రిజ్ లేదు. తెల్లవారుజామున నాలుగింటికి వండి, డబ్బాలో పెట్టుకుని, మధ్యాహ్నం సైటులో తిని, మిగిలింది రాత్రికి దాచుకోవాలి. ఎసరు పోసి ఉడికించిన కూర ఎండాకాలంలో సాయంత్రానికి పులిసిపోతుంది. నూనెలో మగ్గించింది నిలుస్తుంది. మన అవ్వలు ఆవకాయ మీద నూనె తేలేలా పోసింది కూడా అందుకే. రోలూ రోకలీ ఎరిగిన ఆ తెలివిని పట్టుకుని ఈ రోజు చాపల్యం అంటున్నాం.

కూలి మనిషి తిండిలో నూనెకు ఇంకో పని కూడా ఉంది. గ్రాము బియ్యంలోని పిండిపదార్థం నాలుగు కేలరీలు ఇస్తే గ్రాము నూనె తొమ్మిది ఇస్తుంది. లీటరు పామాయిల్‌లో ఎనిమిది వేలకు పైగా కేలరీలుంటాయి. కిలో టమాటాలో సుమారు రెండు వందలు. ఇటుకలు మోసే ఒంటికి శక్తి కావాలి, చేతిలో డబ్బు తక్కువ. ఆమె చేసిన ఎంపిక కంటే మెరుగైన ఎంపికను అదే డబ్బులో చూపించగలిగిన వాళ్లెవరూ నాకు ఇంతవరకు కనబడలేదు. పప్పు, కూరగాయలు, గుడ్లు, పాలు ఎక్కువ తినమనడం సరైన సలహానే. అది తినమన్నంత మాత్రాన కొనలేం కదా.

పెళ్లి కాని కుర్రాళ్లది మరో కథ. అమీర్‌పేట హాస్టళ్లలో, కూకట్‌పల్లి గదుల్లో, విజయవాడ, విశాఖ శివార్లలో నలుగురైదుగురు కలిసి ఉండే కుర్రాళ్లు అన్నం కుక్కర్లో పెట్టుకుని కూర కర్రీ పాయింట్ నుంచి తెచ్చుకుంటారు. పొద్దున చేసిన కూర రాత్రి తొమ్మిది దాకా కౌంటర్‌లో మెరుస్తూ ఉండాలంటే నూనె తేలాలి. అమ్మేవాడికి లాభం మిగలాలంటే అది పామాయిల్ కావాలి. బజ్జీల బండి దగ్గర నిన్నటి మూకుడు నూనెలోనే ఇవాళ్టి పునుగులు వేగుతాయి. వాడిన నూనెలో పాడైన పదార్థాలు 25 శాతం దాటకూడదని 2018 నుంచి దేశంలో నిబంధన ఉంది. దాన్ని బండి దగ్గర కొలిచేదెవరు? సంపాదన, వయసు, గది అద్దె, వంటగది ఉండటం లేకపోవడం, వంట చేసే మనిషి ఇంట్లో ఉండటం లేకపోవడం. ఆ కుర్రాడి ఒంట్లోకి ఏ కొవ్వు ఎంత వెళ్తుందో ఇవి చెప్పేస్తాయి. అతని మనసులోకి తొంగిచూడవలసిన అవసరమే రాదు.

ఎంత కొవ్వు అన్నదానికన్నా ఏ కొవ్వు అన్నది పెద్ద ప్రశ్న. పది శాతం పిలుపు దాన్ని తాకనే లేదు. పామాయిల్‌లో దాదాపు సగం సంతృప్త కొవ్వు. వేరుశనగ, నువ్వులు, సోయా, పొద్దుతిరుగుడు నూనెల్లో అది అయిదో వంతు లోపే. మన నేల ఇచ్చిన నూనెలు ఒకప్పుడు ప్రాంతానికొకటి: రాయలసీమలో వేరుశనగ, గోదావరి నుంచి ఉత్తరాంధ్ర దాకా నువ్వులు, తెలంగాణ మెట్టలో కుసుమలు, అరకు కొండల్లో వలిసెలు, గోండుల, కోయల ఇళ్లలో ఇప్పగింజలు. తెలికలవారు, గాండ్లవారు గానుగ ఆడి ఊరికి నూనె పోసేవారు. ఆ గానుగలు ఆగిపోవడానికి జనం రుచి మారడం కారణం కాదు. 1994లో పామోలిన్ దిగుమతికి తలుపులు బార్లా తెరిచారు. ఇండోనేషియా, మలేషియాల నుంచి దిగిన నూనె ముందు మెట్టరైతు నూనెగింజ నిలబడలేకపోయింది. ఇవాళ దేశం తినే నూనెలో సగానికి పైగా దిగుమతే, అందులో పెద్ద వాటా పామాయిల్. అనంతపురం జిల్లాలో వేరుశనగ పండించిన రైతు పంటను అప్పు తీర్చడానికి మార్కెట్ యార్డులో దించి, తిరుగు దారిలో పామాయిల్ ప్యాకెట్ కొనుక్కుని ఇంటికి పోతాడు. అదే వేరుశనగను ఎద్దు గానుగ ఆడిన నూనెగా సీసాలో పోసి, మామూలు నూనెకు రెట్టింపుకు పైగా ధరతో హైదరాబాద్‌లో అమ్ముతారు. పండించిన ఇంటికి అందనిది పట్నంలో ఆరోగ్య స్పృహగా మారింది. ఇది రాస్తుంటేనే నా కడుపు మండుతోంది.

ఇందులో ప్రభుత్వాల చెయ్యి ఎంతుందో మనకు కొత్తగా చెప్పనక్కర్లేదు. 2013 ఉగాదికి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన 'అమ్మహస్తం' పథకంలో 185 రూపాయలకు తొమ్మిది సరుకులు ఇచ్చారు. అందులో లీటరు నూనె ఉంది, అది పామోలిన్. చౌకడిపోలో ఇచ్చే నూనె అంటే పామోలిన్ అనే అలవాటు మన ఇళ్లలో చాలా ఏళ్లు పాతుకుపోయింది. 2021లో ఆయిల్‌పామ్ సాగు విస్తరణకు కేంద్రం 11,040 కోట్ల రూపాయల పథకం ప్రకటించింది. 2025 మే చివర, అంటే నూనె తగ్గించమన్న పిలుపులు సాగుతున్న ఆ ఏడాదిలోనే, ముడి పామాయిల్, సోయా, పొద్దుతిరుగుడు నూనెల దిగుమతి సుంకాన్ని 20 శాతం నుంచి 10కి దించింది. ధరల భారం తగ్గించాలనుకోవడం తప్పనను. పేదింటికి ఆ ఊరట కావాలి. కానీ సగం సంతృప్త కొవ్వున్న నూనెకూ, అయిదో వంతు లోపు ఉన్న నూనెకూ ఒకే సుంకం వేసి, ఏది కొనాలో వంటింటి ఇల్లాలు తేల్చుకోవాలనడం న్యాయమా? సుంకం తేల్చేసిన విషయాన్ని ఆమె కొత్తగా తేల్చుకోలేదు.

సగటు అంకె చేసే అన్యాయం ఇంకొకటి. నీతి ఆయోగ్ 2024 నివేదిక ప్రకారం దేశంలో తలసరి నూనె వాడకం ఏడాదికి 19.7 కిలోలు. రోజుకు సుమారు 54 గ్రాములు. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ రెండు వేల కేలరీల భోజనానికి చెప్పే 27 గ్రాములకు ఇది రెట్టింపు. ఈ రెండు అంకెలే ఉపన్యాసాల్లో వినిపిస్తాయి. అయితే తలసరి అంటే హోటళ్లు, బిస్కెట్ కంపెనీలు, చిప్స్ ఫ్యాక్టరీలు, మిఠాయి దుకాణాలు, పెళ్లి విందులు వాడిందంతా తలలతో భాగించింది. అందులో పావులీటరు ప్యాకెట్ కొన్న ఆమె తల కూడా ఉంది. ఆమె తినని జీడిపప్పు మిఠాయి నూనె కూడా ఆమె ఖాతాలో పడింది. ఆ సగటును తీసుకుని అందరినీ సమానంగా పది శాతం కోసుకోమంటే, ఎక్కువ తినే ఇంట్లో ఒక వేపుడు తగ్గుతుంది, తక్కువ తినే ఇంట్లో ఒంటికి అందే శక్తి తగ్గుతుంది.

ఉన్నవాళ్ల కొవ్వు నూనె సీసాలో తక్కువ, మిగతా చోట్ల ఎక్కువ. పాలలో, పెరుగు మీగడలో, నెయ్యిలో, పనీరులో, మాంసంలో, ఐస్‌క్రీములో, బాదం పిస్తాల్లో కంటికి కనిపించకుండా ఉంటుంది. పేదింట్లో బియ్యంలో ఉండే కాస్త తప్ప కొవ్వంటే నూనే. అందుకే నూనె ఒక్కదాన్ని కొవ్వుకు మారుపేరుగా చేసి మాట్లాడటం ఒక వర్గం కంచాన్నే బోనులో నిలబెట్టడం. ఈ సలహా నాలాంటి మధ్యతరగతి వాడికి పనికొస్తుంది. కుర్చీలో కూర్చుని పని చేస్తూ రోజుకు మూడుసార్లు చిరుతిళ్లు తినే మాకు చెప్పవలసిందే. మమ్మల్ని చూసి తయారు చేసిన సలహాను ఊరందరికీ పంచడమే తప్పు.

ఆ ఊరందరిలో ఇంకా సన్నగా ఉన్న వాళ్లున్నారు. అదే కుటుంబ ఆరోగ్య సర్వేలో ఉండవలసిన బరువు లేని మహిళలు ఆంధ్రప్రదేశ్‌లో 14.8 శాతం, తెలంగాణలో 18.8 శాతం. ఒకే వీధిలో, ఒక్కోసారి ఒకే గడప లోపల రెండూ ఉన్నాయి. చాలా ఇళ్లలో ఇప్పటికీ ముందు మగవాళ్లు తింటారు, తర్వాత పిల్లలు. గిన్నె అడుగున మిగిలిన పులుసుతో, పచ్చడి మెతుకులతో ఇల్లాలి భోజనం ముగుస్తుంది. తోటకూర, మునగాకు తినమని అంగన్‌వాడీలో ఆమెకు చెబుతారు. ఆ ఆకుల్లోని కెరోటిన్ ఒంటికి పట్టాలంటే వెంట కాస్త కొవ్వు పడాలి. నూనె లేకుండా ఉడికించిన ఆకుకూర సగం పనే చేస్తుంది. ఇటు ఆకుకూర తిను, అటు నూనె మాను అని ఒకే శిబిరంలో ఒకే మనిషికి చెబుతున్నాం.

ప్రభుత్వ బడిలో చదివే పిల్లవాడి నూనెను నాలుక తేల్చదు, జీవో తేలుస్తుంది. మధ్యాహ్న భోజన పథకం నిబంధన ప్రకారం ప్రాథమిక పాఠశాల పిల్లకు పూటకు అయిదు గ్రాముల నూనె, పైతరగతుల పిల్లకు ఏడున్నర. అరవై మంది చిన్నపిల్లల బడిలో వంటమనిషి చేతికి వచ్చేది మూడు వందల గ్రాములు. ఆ మూడు వందల గ్రాముల్లో ఏ నూనె వస్తుందన్నది కూడా ఆమె చేతిలో లేదు. ఎంత కొవ్వు, ఏ కొవ్వు అన్నది పైన కూర్చున్న వాళ్లు నిర్ణయించగలరనడానికి ఇంతకన్నా రుజువేం కావాలి?

మన తెలుగు తెరల మీద మాత్రం ముప్ఫై ఏళ్లుగా వ్యక్తి ఒక్కడే నిలబడి ఉన్నాడు. ఒక గురువు ఉప్పూ నూనే లేకుండా వండుకోమన్నాడు. మరో గురువు వచ్చి రోజుకు డెబ్భై గ్రాముల కొబ్బరినూనె తాగి అన్నం మానేయమన్నాడు. ఇద్దరి మాటలూ పరస్పరం పొసగవు. ఒక్క చోట మాత్రం కలుస్తాయి: వినేవాడికి సొంత వంటగది, తీరిక, వేరే కూర వండిపెట్టే భార్య, ప్రత్యేకంగా కొనుక్కునే డబ్బు ఉన్నాయని ఇద్దరూ అనుకున్నారు. ఆ నాలుగూ లేని వాళ్లు ఆ కార్యక్రమాలు చూసి చివరికి మిగుల్చుకున్నది తమ జబ్బుకు తామే కారణమన్న అపరాధ భావం.

అంటే మనిషికి బాధ్యతే లేదా అని అడుగుతారు. ఉంది. అయితే బాధ్యతను మోయడానికి కాళ్ల కింద నేల ఉండాలి, ఆ నేలను వేసిన దేశాలున్నాయి. గుండెజబ్బుతో నడివయసు మగవాళ్లు వరుసగా చనిపోతున్న ఫిన్లాండ్‌లోని ఉత్తర కరేలియాలో 1972లో ఒక కార్యక్రమం మొదలైంది. వెన్న తగ్గించమని చెప్పడంతో ఆగలేదు. సాసేజీ తయారీదారులతో కొవ్వు తగ్గించే ఏర్పాటు చేశారు, తక్కువ కొవ్వు పాలు అందుబాటులోకి తెచ్చారు, ఆ చలిదేశంలో పండే నూనెగింజను ప్రోత్సహించారు, పాడి రైతుల్ని బెర్రీ పండ్ల సాగు వైపు మళ్లించారు. తర్వాతి నాలుగు దశాబ్దాల్లో పనిచేసే వయసు మగవాళ్లలో గుండెజబ్బు మరణాలు 80 శాతానికి పైగా తగ్గాయి.

మనకు ఇంకా దగ్గరి ఉదాహరణ మారిషస్. మన కోరంగి రేవు నుంచి చెరకు తోటల్లో పనికి వెళ్లిన తెలుగువాళ్ల మునిమనవలు అక్కడున్నారు, ఉగాది అక్కడ సెలవు రోజు. ఆ దేశంలో జనం ఎక్కువగా వాడే చౌక నూనెను రేషన్ నూనె అనేవారు. అందులో ఎక్కువ భాగం పామాయిల్. 1987లో ప్రభుత్వం దాన్ని పూర్తిగా సోయా నూనెగా మార్చింది. 1992లో మళ్లీ పరీక్షలు చేస్తే జనం రక్తంలో సగటు కొలెస్టరాల్, మన ల్యాబులు రాసే లెక్కలో చెప్పాలంటే, సుమారు 213 నుంచి 182కు దిగింది. ఆ అయిదేళ్లలో ఆరోగ్య ప్రచారమూ సాగింది కాబట్టి తగ్గుదల అంతా నూనె వల్లేనని నేననను. కానీ ఒక దేశపు సగటే అంతగా కదలాలంటే, ఉపన్యాసాలు విన్న కొద్దిమంది కంచాలు మారితే చాలదు.

మన దగ్గర చౌకడిపోలున్నాయి, ఆయిల్‌ఫెడ్‌లున్నాయి, వరి మిల్లుల నిండా తవుడు ఉంది, రాయలసీమలో వేరుశనగ రైతు ఉన్నాడు, మధ్యాహ్న భోజనానికి సరుకు కొనే పద్దు ఉంది. తవుడు నూనె, వేరుశనగ నూనె రేషన్ ధరకు ఇవ్వండి, బడికి అదే నూనె పంపండి, సంతృప్త కొవ్వును బట్టి సుంకం వేయండి, కూలివాడలకు కూరగాయల బండి చేరేలా చూడండి. ఇవన్నీ చేశాక కూడా జనం ఎక్కువ నూనె తింటే అప్పుడు నాలుక గురించి మాట్లాడదాం. మారిషస్‌లో 1987లో ఆ మార్పు జరిగినప్పుడు మన కోరంగి వాళ్ల ఇళ్లలో ఆడవాళ్లను ఎవరూ రుచి మార్చుకోమనలేదు, పది శాతం లెక్క కట్టుకోమనలేదు. ఎప్పుడూ వెళ్లే దుకాణానికే వెళ్లి, ఎప్పుడూ కొనే నూనే కొని, ఇంటికొచ్చి పోపు పెట్టుకున్నారు.